సర్కస్ పులులు ఎక్కడికి పోయాయి?

సర్కస్ అనే మాట వినగానే మనవాళ్లకు కళ్లకు కట్టేవి ఏనుగు, పులి, సింహం. గమ్మత్తేమిటంటే మొట్టమొదటి సర్కస్‌లో ఈ మూడూ లేవు. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుండ్రని బరి ఒకటి కట్టి అందులో గుర్రపుస్వారీ విన్యాసాలు చూపించడంతో ఆధునిక సర్కస్ మొదలైంది. బరి వ్యాసం 42 అడుగుల దగ్గర స్థిరపడడానికి కారణం కూడా గుర్రమే. ఆ కొలత గల చుట్టులో పరుగెత్తే గుర్రం వీపు మీద మనిషి తూలకుండా నిలబడగలడు. క్రూరమృగాలది అప్పట్లో వేరే వ్యాపారం. వాటిని బోనుబండ్లలో పెట్టి ఊరూరా తిప్పి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్లు వేరే ఉండేవారు. ఆ సంచార జంతుశాల వచ్చి గుర్రాల సర్కస్‌లో కలవడానికి చాలా దశాబ్దాలు పట్టింది. అవి మళ్లీ విడిపోవడానికి మన దేశంలో 1991 నుంచి 2013 దాకా ఇరవై రెండేళ్లు పట్టింది.

నేను చదివింది వాణిజ్యశాస్త్రం, చేసేది బ్యాంకు ఉద్యోగం. అంచేత సర్కస్ చరిత్ర చదివినప్పుడల్లా నా చూపు బరి మీద కన్నా బరి వెనక ఉన్న బోనుల వరస మీదికే పోతుంది. కంపెనీకి అసలు ఆస్తి అదే. అసలు ఖర్చూ అదే.

ఈ వ్యాపారం ఎలా పుట్టిందో చెప్పాలంటే ఇంగ్లండులో జార్జ్ వూంబ్‌వెల్ అనే చెప్పులు కుట్టే ఆయనతో మొదలుపెట్టాలి. 1804 ప్రాంతంలో లండన్ రేవుకు వచ్చిన ఓడ నుంచి రెండు కొండచిలువలను 75 పౌన్లకు కొన్నాడు. చెప్పుల పని చేసుకునేవాడికి అది చిన్న మొత్తం కాదు. సారా దుకాణాల్లో వాటిని చూపించి మూడు వారాల్లో పెట్టుబడి రాబట్టుకున్నాడని చెబుతారు. 1810కి సొంతంగా సంచార జంతుశాల పెట్టాడు. 1839 నాటికి అది పదిహేను బండ్ల పటాలం అయింది. ఏనుగులు, సింహాలు, చిరుతలు, ఒంటెలు, కోతులు, రంగురంగుల చిలకలు, ముందు ఒక బ్యాండుమేళం. జంతుశాస్త్రం అనే మాట విని ఎరగని పల్లెటూరివాడికి ఏనుగు నిజంగా ఎంత ఉంటుందో మొదట తెలిసింది ఈ బండ్ల వల్లనే. ఆ మేరకు దీన్ని విద్య అనవచ్చు. వూంబ్‌వెల్ కూడా అలాగే అనేవాడు. టికెట్ అమ్మేవాడు ఎప్పుడూ అలాగే అంటాడు.

లండన్‌లో బార్తలోమ్యూ తిరునాళ్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. తిరునాళ్లకు అందుకోవాలని వూంబ్‌వెల్ ఆదరాబాదరాగా ఏనుగును నడిపించుకుని వస్తే, చేరీచేరగానే అది ప్రాణం విడిచింది. పోటీదారు ఆట్కిన్స్ వెంటనే బోర్డు పెట్టాడు, ఈ తిరునాళ్లలో బతికున్న ఏనుగు మా దగ్గర మాత్రమే ఉందని. వూంబ్‌వెల్ తల పట్టుకుని కూర్చోలేదు. చచ్చిన ఏనుగు మా దగ్గర మాత్రమే ఉందని ఆయనా బోర్డు పెట్టాడు. జనం బతికున్న ఏనుగును వదిలేసి చచ్చినదాన్ని చూడ్డానికి, చేత్తో తాకడానికి ఎగబడ్డారట. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అని మనవాళ్లు అన్నది ఎవరిని చూసి అన్నారో గాని, ఆ సామెత అక్షరాలా నిజమైంది మాత్రం అక్కడే.

ఇదే మనిషి 1825లో వార్విక్ పట్టణంలో సింహాల మీదికి కుక్కలను వదిలి పందెం కట్టించాడు. నీరో అనే సింహం సాధుజంతువు. అది పోట్లాడనే లేదు, కుక్కలు మీద పడుతుంటే ఓర్చుకుంది. వాలెస్ అనే రెండో సింహం కుక్కలను చీల్చేసింది. దేశమంతా అసహ్యించుకుంది. అప్పటికి మూడేళ్ల క్రితమే, 1822లో, పశువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధిస్తూ ఆ దేశంలో చట్టం వచ్చింది. కాని అది గుర్రాలు, ఆవులు, గొర్రెల వంటి పనికొచ్చే పశువులకే. సింహం ఆ జాబితాలో లేదు. 1835లో చట్టాన్ని విస్తరించాల్సి వచ్చింది. 1850లో పోయిన వూంబ్‌వెల్ సమాధి లండన్‌లో హైగేట్ శ్మశానంలో ఉంది. దాని మీద నిద్రపోతున్న రాతి సింహం నీరోదే.

ఆయన తరవాత కుటుంబం వాళ్లు నడిపిన ఆ జంతుశాలల్లో ఒకటి 1872 ఏప్రిల్‌లో ఎడిన్‌బరోలో వేలానికి వచ్చింది. ఆ వేలంలో మహారాజా అనే పేరున్న ఆసియా ఏనుగును మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ జంతుశాల యజమాని జేమ్స్ జెన్నిసన్ 680 పౌన్లకు పాడుకున్నాడు. రైలెక్కించబోతే అది పెట్టె బద్దలు కొట్టింది. చేసేది లేక లోరెంజో లారెన్స్ అనే కావలివాడు దాన్ని నడిపించుకుంటూ ఎడిన్‌బరో నుంచి మాంచెస్టర్ దాకా పది రోజుల్లో తీసుకెళ్లాడు. దారిలో సుంకం గేటు దగ్గర కావలివాడూ సుంకరీ ఎంత కట్టాలనే దాని మీద వాదించుకుంటుంటే విసిగిపోయిన ఏనుగు గేటును ఊడబెరికి పక్కన పెట్టిందని కథ. నిజమో కల్పనో గాని దాని మీద హేవుడ్ హార్డీ 1875లో ఒక బొమ్మ కూడా వేశాడు. మహారాజా 1882లో చనిపోయింది. అస్థిపంజరం ఇప్పుడు మాంచెస్టర్ మ్యూజియంలో ఉంది. ఆ వేలం లెక్కలో గమనించవలసింది ఒకటుంది. 1872లో సర్కస్ జంతువు అంటే నిజమైన ఆస్తి. కంపెనీ మూతపడితే డేరా గుడ్డకు ధర రాకపోవచ్చు గాని ఏనుగుకు వస్తుంది. మన కాలానికి వచ్చేసరికి ఇది తిరగబడింది. ఆ సంగతి ముందుకు చెబుతాను.

బోనులోకి మనిషి వెళ్లడం అనే విద్య మాత్రం అమెరికా నుంచి వచ్చింది. ఐజాక్ వాన్ ఆంబర్గ్ అనే ఆయన 1830లలో సింహాల బోనులోకి వెళ్లి దాని నోట్లో తల పెట్టేవాడు. 1839లో విక్టోరియా రాణి పలుమార్లు వెళ్లి ఆ ప్రదర్శన చూసింది. ఆయన పద్ధతి ఇనుప కడ్డీతో బాది లొంగదీయడం. ఆ శతాబ్దం చివర హాంబర్గ్ నగరానికి చెందిన కార్ల్ హాగెన్‌బెక్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. దెబ్బ కన్నా మాంసం ముక్క ఎక్కువ పని చేస్తుందని ఆయన కనిపెట్టాడు. ప్రపంచంలో తరవాత వచ్చిన రింగ్ మాస్టర్లందరూ ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి శిష్యులే. చాలామంది బరిలో హాగెన్‌బెక్ శిష్యులు, బరి వెనక వాన్ ఆంబర్గ్ శిష్యులు.

ఇక మన దేశానికి వద్దాం. 1879లో జుసెప్పే కియారినీ అనే ఇటలీ దేశస్థుడి సర్కస్ బొంబాయి వచ్చింది. భారతీయులకు ఇలాంటిది నడపడం ఇప్పట్లో చేతకాదని ఆయన ఎద్దేవా చేశాడనీ, ఆ మాట కురుంద్‌వాడ్ సంస్థానంలో అశ్వశాల చూసే విష్ణుపంత్ ఛత్రేకు తగిలిందనీ చెబుతారు. మరుసటి ఏడాదే, 1880లో, ఛత్రే తన గ్రేట్ ఇండియన్ సర్కస్‌ను బొంబాయిలోనే ప్రారంభించాడు. ఇక్కడ కూడా మొదలు గుర్రాలతోనే అని గమనించండి. ఛత్రే గుర్రాల మనిషే గాక మంచి సంగీతజ్ఞుడు. గ్వాలియర్‌లో హద్దూఖాన్ దగ్గర నేర్చుకున్నాడు. గురువు కొడుకు రహిమత్ ఖాన్‌ను చేరదీసి సర్కస్‌తో పాటు తిప్పాడు. ఒకే గుడారంలో ఖయాల్ గానం, గుర్రాల సకిలింపు వినబడిన కంపెనీ ప్రపంచంలో ఇదొక్కటేనేమో.

ఛత్రే తిరుగుతూ తిరుగుతూ మలబారు తీరంలోని తలస్సేరి చేరాడు. అక్కడ కీలేరి కుంఞికణ్ణన్ అనే కసరత్తు గురువు పరిచయమయ్యాడు. ఆయన 1901లో తలస్సేరిలో సర్కస్ బడి పెట్టాడు. అక్కడి నుంచి శిష్యులు, వాళ్ల శిష్యులు బయల్దేరి దేశంలోని పెద్ద కంపెనీలన్నిటినీ నింపారు. అందుకే మహారాష్ట్రంలో పుట్టిన భారతీయ సర్కస్ ఇంటిభాష చివరికి మలయాళం అయింది.

బంగాళంలో 1887లో ప్రియనాథ్ బోస్ గ్రేట్ బెంగాల్ సర్కస్ పెట్టాడు. అందులో సుశీలా సుందరి అనే మహిళ చేతిలో ఆయుధం లేకుండా పులుల బోనులోకి వెళ్లేది. రీవా మహారాజు బహూకరించిన ఆ పులుల జంటకు లక్ష్మి, నారాయణ్ అని పేర్లు. ఆడవాళ్లు వీధిలోకి రావడమే తప్పుగా చూసిన రోజుల్లో ఆమె పులితో కుస్తీ పట్టి పేరు తెచ్చుకుంది. పుణెకు చెందిన దాము ధోత్రే (1902–1973) కథ ఇంకో రకం. మేనమామ సర్కస్‌లో చిన్నప్పుడే బోనులోకి వెళ్లడం నేర్చిన ఈ మరాఠీ కుర్రవాడు ఐరోపా మీదుగా అమెరికా చేరి, రింగ్లింగ్ సోదరుల సర్కస్‌లో చిరుతలనూ నల్లచిరుతలనూ ఒకే బోనులో ఆడించాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పని చేశాడు. చివరికి పుణెకే తిరిగొచ్చాడు. దేశమంతా స్వాతంత్ర్యోద్యమ నాయకుల పేర్లు బడిలో చెప్పారు గాని ఇలాంటివాళ్ల పేర్లు ఎవరూ చెప్పలేదు.

మన తెలుగువాళ్ల వంతు ఏమిటంటే కోడి రామ్మూర్తినాయుడి పేరు వినని ఇల్లుండదు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టం ఆయన ఊరు. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా ఉండి, ఆ ఊళ్లోనే సర్కస్ కంపెనీ స్థాపించి దేశం తిరిగాడు. గుండె మీద బల్ల వేయించుకుని దాని మీద ఏనుగును నిలబెట్టించుకోవడం ఆయన పేరు చెబితే అందరూ తలుచుకునే దృశ్యం. ఒక్క క్షణం ఆలోచించండి. మిగతా కంపెనీల్లో ఏనుగే వింత, మనిషి దాని పక్కన నిలబడేవాడు. రామ్మూర్తి సర్కస్‌లో మనిషే వింత, ఏనుగు కేవలం తూకం రాయి. జంతువును లొంగదీయడం గొప్ప అని లోకమంతా అనుకుంటున్నప్పుడు, దాన్ని మోయడం గొప్ప అని చూపించిన సర్కస్ మనది. ఆయన చివరి రోజులు ఒరిస్సాలోని బలంగీర్‌లో గడిచాయి. 1942లో అక్కడే కన్నుమూశాడు. ఒడిశాలోని మన పాఠకుల్లో బలంగీర్ వెళ్లేవాళ్లుంటే ఆ ఊరి పెద్దలను కదిపి చూడండి, ఏమైనా చెబుతారేమో.

స్వాతంత్ర్యం వచ్చాక మూడు దశాబ్దాలు సర్కస్‌కు మంచికాలం. 1951లో మూర్కోత్ వెంగకండి శంకరన్, ఒక భాగస్వామితో కలిసి, విజయ సర్కస్ అనే చిన్న కంపెనీని 6,000 రూపాయలకు కొన్నాడు. ఆ ఏడాది ఆగస్టు 15న గుజరాత్‌లోని బిలిమోరాలో జెమినీ సర్కస్ అన్న కొత్త పేరుతో తెర లేపాడు. జూన్‌లో పుట్టినవాడు గనక తన రాశి పేరే పెట్టుకున్నాడు. ఆ జెమినీ తరవాత దేశంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటైంది. రాజ్‌కపూర్ 1970లో తీసిన 'మేరా నామ్ జోకర్'లో కనిపించేది ఆ డేరాయే.

ఆ రోజుల్లో ఊరికి సర్కస్ వచ్చిందని ముందు తెలిపేది రైల్వేస్టేషను. గూడ్సు పెట్టెల్లోంచి బోనులు దిగేవి. ఏనుగులు మాత్రం స్టేషను నుంచి మైదానానికి బజారు గుండా నడిచి వెళ్లేవి. దానంత చవకైన ప్రకటన మరొకటి లేదు. మైదానం చేరగానే అవే ఏనుగులు డేరా గుంజలు లాగి నిలబెట్టేవి. అంటే పగలు కూలీ, రాత్రి నటుడు. పులి అలా కాదు. అది రోజుకు మూడు ఆటల్లో ఆటకు పది నిమిషాలు బరిలో ఉంటుంది. మిగతా సమయమంతా బోనులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. పగటిపూట చిన్న టికెట్ పెట్టి ఆ బోనులను చూపించే కంపెనీలు ఉండేవి. చిన్నప్పుడు మేమందరం ఆ టికెట్ కొన్నవాళ్లమే. దగ్గరికి వెళ్తే వచ్చే ఆ ఘాటు వాసన ఇంతకాలం అయినా గుర్తుంది. ఆ అటూఇటూ తిరగడం పులి ఠీవి అనుకునేవాళ్లం. అది బందీ అయిన జంతువుకు పట్టే మానసిక రుగ్మత అని పశువైద్యులు చెబుతారు.

1990లలో నేను బరంపురంలో పని చేస్తున్నప్పుడు ఒక సర్కస్ వచ్చి నెలరోజులు ఉంది. కరపత్రానికి ఒకవైపు ఒడియా, ఇంకోవైపు తెలుగు. రోజూ పదిన్నరకు వాళ్ల మలయాళీ క్యాషియర్ చిల్లర సంచులతో మా కౌంటరు ముందు నిలబడేవాడు. వారానికోసారి తలస్సేరి మీద డిమాండ్ డ్రాఫ్టులు తీసేవాడు. ఒకరోజు రద్దీ లేనప్పుడు ఖర్చులు ఎలా ఉంటాయని అడిగితే, మనుషులకు జీతం ఆలస్యంగా ఇస్తే రెండు రోజులు గొణిగి ఊరుకుంటారు, పులికి ఒక్కపూట ఆలస్యమైతే కుదరదు అన్నాడు.

మీరూ లెక్క వేసి చూడండి. బోనులో ఉన్న పులికైనా సింహానికైనా రోజుకు సుమారు 8 కిలోల మాంసం కావాలి. వారానికి ఒక రోజు ఉపవాసం ఉంచుతారు. పది మృగాలున్న కంపెనీకి వారానికి 480 కిలోలు, ఏడాదికి సుమారు 25 టన్నులు. ఏనుగుకు రోజుకు 150 కిలోల పైచిలుకు మేత. అయిదు ఏనుగులుంటే రోజుకు ముప్పావు టన్ను. వాన పడి ఆట రద్దయినా ఈ ఖర్చు రద్దు కాదు. టీవీ వచ్చి గ్యాలరీ సగం ఖాళీ అయినా ఇది సగం కాదు. వ్యాపారభాషలో దీన్ని స్థిరవ్యయం అంటాం. ఆదాయం మాత్రం స్థిరం కాదు. ఈ రెంటి మధ్య తేడా ఎక్కడ సరిపెడతారు? మేతలో, మాంసంలో, పశువైద్యుడి ఫీజులో. సర్కస్ యజమానులు కర్కోటకులు అనుకోనక్కర్లేదు. వాళ్లలో చాలామంది జంతువులను పేరుపేరునా ఎరిగినవాళ్లు. పద్దు బాగున్నన్నాళ్లు వాటిని బాగానే చూసుకున్నారు. పద్దు తల్లకిందులైనప్పుడు నష్టమంతా నోరులేని దాని కడుపు మీదే పడింది. జంతుప్రేమికులు ఒక వైపు, కంపెనీల వాళ్లు మరో వైపు చేసిన వాదోపవాదాల్లో ఈ సాదా సంగతి ఎక్కడా సరిగా వినబడలేదని నాకనిపిస్తుంది.

చట్టం దారి ఇలా నడిచింది. రాజ్యసభలో నామినేటెడ్ సభ్యురాలిగా ఉన్న రుక్మిణీదేవి అరుండేల్, కళాక్షేత్ర స్థాపించిన ఆమే, 1950లలో జంతుహింస నివారణకు ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇస్తే ఉపసంహరించుకున్నారు. దాని ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. ప్రదర్శన జంతువులకు అందులో ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. ఏ జంతువును ఆడించకూడదో నోటిఫికేషన్ ద్వారా నిషేధించే అధికారం 22వ సెక్షన్ కేంద్రానికిచ్చింది. ఆ అధికారం ముప్పై ఏళ్లు దాదాపు నిద్రపోయింది. ఈలోగా 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి అడవిలో పులిని పట్టడం, కొనడం, అమ్మడం ఆపేసింది. ఆస్తి విలువ మొదట పోయింది అక్కడే. 1872లో ఎడిన్‌బరో వేలంలో 680 పౌన్లు పలికిన సరుకు, సరిగ్గా వందేళ్ల తరవాత మన దేశంలో అమ్ముకోవడానికి వీల్లేని సరుకయింది. కంపెనీలు బోనుల్లోనే పుట్టిన పిల్లలతో నెట్టుకొచ్చాయి. సింహాలు బోనులో పిల్లిలాగే సులువుగా ఈనుతాయి. ఆసియా సింహమా, ఆఫ్రికా సింహమా అని ఎవరూ చూడలేదు. ఆ కలగాపులగం ఫలితం తరవాత తెలిసింది.

1991లో కేంద్రం తొలి నిషేధపు నోటిఫికేషన్ ఇచ్చింది. అది కోర్టుల్లో నలిగింది. 1998 అక్టోబరులో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలు, ఈ అయిదింటినీ ఆడించరాదని కొత్తగా నోటిఫై చేశారు. సర్కస్ యజమానులు సవాలు చేశారు. సర్కస్‌కు పుట్టినిల్లయిన కేరళలోనే హైకోర్టు 2000 సంవత్సరంలో నిషేధాన్ని సమర్థించింది. తీర్పు అక్కడితో ఆగలేదు. హక్కులు మనుషులకే ఎందుకుండాలి అనే ప్రశ్న కూడా వేసింది. 2001 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

మరి బోనుల్లో ఉన్న వందల కొద్దీ సింహాలు, పులుల మాటేమిటి? ఆడించకూడదు. అమ్మకూడదు. అడవిలో వదిలితే బతకవు. మేపాలి. ఒక్క కోర్టు తీర్పుతో అవి ఆస్తుల పద్దులోంచి అప్పుల పద్దులోకి మారిపోయాయి. చాలా కంపెనీలు వాటిని ప్రభుత్వానికి అప్పజెప్పడానికే చూశాయి. కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ వీటి కోసం ప్రత్యేక పునరావాస కేంద్రాలు పెట్టించింది. వాటిలో రెండు తెలుగునేల మీదే, తిరుపతిలో, విశాఖపట్నంలో. ఇంకొకటి బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో, మరొకటి మద్రాసు పక్కన వండలూరులో. దేశమంతా తిరిగిన సర్కస్ మృగాల చివరి మజిలీల్లో సగం దాకా మన పాఠకులు ఉన్న చోట్లే అన్నమాట.

లారీల మీద వచ్చిన ఆ సింహాలను చూసినవాళ్లకు వన్యమృగాలు కనబడలేదు. కొన్నిటికి గోళ్లు లేవు, కొన్నిటికి పళ్లు అరిగిపోయాయి. ఏళ్ల తరబడి చిన్న బోనులో ఉన్నవాటికి విశాలమైన ఆవరణలోకి అడుగుపెట్టాలంటేనే భయం. సింహాల్లో చాలా భాగం ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం. దగ్గరి నెత్తురు వాటిలో మళ్లీ మళ్లీ కలవడంతో రోగాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లింది. చండీగఢ్ పక్కన ఛత్‌బీర్ జంతుశాలలో ఇలాంటి సంకర సింహాలు రోగాలతో వరసగా చనిపోవడం 2000 ప్రాంతంలో పత్రికల్లో వచ్చింది. అందుకే పునరావాస కేంద్రాల్లో సంతానానికి అనుమతి లేదు. మగవాటికి శస్త్రచికిత్స చేశారు, లేదా ఆడవాటిని వేరే ఉంచారు. ఉన్నవి బతికినన్నాళ్లు బతకాలి, ఆ తరవాత ఆ వంశం ఉండకూడదు, అదీ ఏర్పాటు. ఆ నిర్ణయం సరైనదే. సరైనదైనా చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. బోనులో సింహం ఇరవై ఏళ్లు బతికితే గొప్ప. 2000లో పుట్టిన పిల్లకైనా ఆ గడువు దాటిపోయింది.

ఏనుగుల సంగతి వేరుగా నడిచింది. 1998 జాబితాలో ఏనుగు లేదు. అంచేత పులులు పోయాక పదేళ్లకు పైగా సర్కస్‌ను మోసింది ఏనుగులే. క్రికెట్ ఆడాయి, శివలింగానికి పూజ చేశాయి, మూడుచక్రాల సైకిలెక్కాయి. 2013లో కేంద్ర ప్రాధికార సంస్థ, గొలుసులతో కట్టేసి ఉంచుతున్నారనీ సరైన వసతి లేదనీ తనిఖీల్లో తేలాక, సర్కస్‌లు ఏనుగులు ఉంచుకునే గుర్తింపు రద్దు చేసింది. అమెరికాలో రింగ్లింగ్ కంపెనీ 2016లో ఏనుగులను మాన్పించి, 2017లో మొత్తం మూతపడి, 2023లో జంతువులు లేకుండానే మళ్లీ తెరిచింది.

ఏనుగు విషయంలో భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. మన పాఠకులకు అది ఇట్టే అర్థమవుతుంది. ఏనుగు మావటి భాష నేర్చుకుంటుంది. మలయాళంలో కూచో అంటే కూచునే ఏనుగుకు హిందీలో చెబితే తెలియదు. 2018లో కర్ణాటక నుంచి ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వా అడవికి పది ఏనుగులను పంపినప్పుడు అక్కడి మావటీలు కన్నడ మాటలు కాగితం మీద రాసుకుని నేర్చుకోవాల్సి వచ్చింది. కంపెనీ మారి, ఊరు మారి, మావటి మారిన సర్కస్ ఏనుగు ఎన్ని భాషలు నేర్చి ఎన్ని మరిచిందో ఎవరూ రాసిపెట్టలేదు.

కళాకారులకు కేరళ ప్రభుత్వం కొంత పింఛను ఇస్తోంది. 2010లో తలస్సేరిలో సర్కస్ అకాడమీ కూడా తెరిచింది గాని అది నిలబడలేదు. 2011లో సుప్రీంకోర్టు పిల్లలను సర్కస్‌లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. అదీ న్యాయమే. కాని లేత ఒళ్లుతో మొదలుపెడితే గాని పట్టుబడని విద్య కావడంతో కొత్తతరం రావడం ఆగిపోయింది. డేరాల సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఉన్న కంపెనీలు ఊయల విన్యాసాల మీద, ఇతర దేశాల నుంచి రప్పించిన కళాకారుల మీద బతుకుతున్నాయి.

జెమినీ శంకరన్ 2023 ఏప్రిల్‌లో కన్నూరులో తన 98వ ఏట పోయారు. 6,000 రూపాయలకు కొన్న కంపెనీ అప్పటికి 72 ఏళ్లుగా నడుస్తోంది, కొడుకులు చూసుకుంటున్నారు. దాని డేరా వెనక పులుల బోనులు లేక అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.